తండ్రి ఉండగా తీసిన మీసం

బెజవాడ రైల్వే స్టేషనులో పార్సిలు ఆఫీసు వారన చేపల గంపలు కట్టే కాశీరావుకు ఇరవై నాలుగో ఏట నుదురు పెరగడం మొదలైంది. ముందు కణతల పైన రెండు పాయలుగా వెనక్కి జారింది. తరవాత నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర ఖాళీ పడింది. ఆ పాయలూ ఈ బిళ్ళా కలిసేలోపు కొడుక్కి పెళ్ళి చేసేయాలని తల్లి అంకాలమ్మ ఆరాటం. పిల్ల కోసం వెతకాల్సిన పని లేదు. నాగాయలంక దగ్గర ఉండే ఆమె తమ్ముడు పోతురాజు కూతురు గంగారత్నం, పుట్టిన్నాడే కాశీరావుదని అందరూ అనుకున్న పిల్ల.

అతనితో నాకు పరిచయమైంది డెబ్భై రెండు చివర్లో. రాష్ట్రం విడదీయాలని ఉద్యమం నడుస్తోంది. రైళ్ళు ఆగిపోయాయి. ఎటూ కదలలేక నేనూ, కలకత్తా పోవలసిన చేపలు కంపు కొడుతుంటే వాటికి కాపలాగా అతనూ, ఒకే బెంచీ మీద కూర్చుని టీలు తాగాం. నా సంచిలో పుస్తకాలు చూసి, నాకు కాలు ఒకచోట నిలవదని విని, అతను అడిగిన మొదటి మాట ఇది.

"అన్ని ఊళ్ళు తిరిగారు గదండీ. జుట్టు ఊడకుండా మందు ఎక్కడన్నా చూశారా?"

చూడలేదు గాని చదివాను. నీటిఏనుగు కొవ్వు, మొసలి కొవ్వు, పిల్లి కొవ్వు, పాము కొవ్వు కలిపి తలకు రాసుకోమని ఐగుప్తు దేశంలో మూడున్నర వేల ఏళ్ళ కిందటే రాసి పెట్టుకున్నారు. మన ఆయుర్వేదం ఈ రోగానికి ఇంద్రలుప్తమనీ ఖాలిత్యమనీ పేర్లు పెట్టింది. పేర్లు పెట్టడంలో మనవాళ్ళకు సాటి లేరు. రోములో ఒక మహావీరుడు దేశాలన్నీ జయించి, బట్టతలను మాత్రం జయించలేక, ఆకుల కిరీటం పెట్టుకుని తిరిగేవాడంటారు. ఇదంతా నేను చెప్పుకుపోతుంటే కాశీరావు ఓపిగ్గా విన్నాడు.

"పాములకేం గానీ, నీటిఏనుగుని నేనెక్కడ పట్టుకొచ్చేదండీ" అన్నాడు చివరకు.

అతని అనుమానమంతా చుట్టకుదురు మీద. గంప ఎత్తుకునేటప్పుడు నెత్తిన పెట్టుకునే ఆ గుడ్డచుట్ట, గంపలోంచి కారే ఐసునీళ్ళకు పొద్దస్తమానం తడుస్తూనే ఉంటుంది. దాని కింద వెంట్రుక కుళ్ళి ఊడుతోందని అతని లెక్క. తల్లి మాత్రం దిష్టి అంది. గుంటగలగరాకు దంచి, రసం పిండి, కొబ్బరినూనెలో కాచి, రోజూ రాత్రి అన్నాలయ్యాక కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని మర్దన చేసేది. తండ్రి పెద్దబ్బాయికి అరవై దాటినా నల్లని ఒత్తు జుట్టు. వల అల్లుకుంటూ, దగ్గుకుంటూ, ఓరగా ఈ మర్దన చూసి, "నాకింత జుట్టుండి నేనేం పొడిచానే" అనేవాడు.

గవర్నరుపేటలో చర్మవ్యాధులు చూసే వెంకటప్పయ్య గారి దగ్గరకు కాశీరావును నేనే తీసుకెళ్ళాను. ఆయన కిటికీ వైపు తల వంచమని, వేళ్ళతో పాయలు తీసి చూశారు.

"చుట్టకుదురు ఏ పాపం ఎరగదయ్యా. మీ అమ్మగారి అన్నదమ్ములకు జుట్టుందా?"

"తెలీదండీ."

"అదేంటి, మేనమామ తల చూడలేదా?"

"ఎప్పుడూ తలగుడ్డ ఉంటదండీ. పడుకున్నా తియ్యడు."

డాక్టరుగారు నా వంక చూసి నవ్వు దిగమింగారు. "మందు లేదనను. నెత్తిలోకి సూదులు, పైన రాసుకోడానికి ఇంకోటి. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడొచ్చు, అదీ ఖాయంగా చెప్పను. కానీ మొదలెడితే ఇప్పుడే మొదలెట్టాలి. ఏడాది పోయాక వస్తే చేసేదేం లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఇంటికెళ్ళి అతను ఆలోచించలేదు, తల్లిని అడిగాడు. "అమ్మా, మావయ్యకు జుట్టుందా?"

అంకాలమ్మ నూనె గిన్నె కింద పెట్టేసింది. "నా పుట్టింటోళ్ళ తలలు నీకెందుకురా. సూదులు గుచ్చితే బుర్రలోకి దిగుతాయి, వద్దు" అని లేచిపోయింది. ఆమెకు తెలుసు. ఇంతవరకు భర్తకు కూడా చెప్పలేదు. తమ్ముడి పరువు అలా కాపాడుకుంటూ వచ్చింది.

ఆ సందిగ్ధంలో ఉండగానే పోతురాజు బెజవాడ వచ్చాడు. కృష్ణలంకలో కాశీరావు వాళ్ళ వాకిట్లో నలుగురు పెద్దలూ కూర్చున్నారు, ముహూర్తం మాట్లాడతాడని. పోతురాజు, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుని, కాశీరావును లేచి నిలబడమన్నాడు. ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు, సంతలో గిత్తను చూసినట్టు.

"లాభం లేదక్కా. మీ వాణ్ణి నా కూతురు పక్కన పీట మీద కూర్చోబెడితే, పెళ్ళికొడుకెవరో పిల్ల తండ్రెవరో పంతులుగారికి పాలుపోదు. కాళ్ళు కడగమంటే ఎవరి కాళ్ళు ఎవరు కడగాలి?"

నలుగురూ నవ్వారు. పెద్దబ్బాయికి కూడా నవ్వొచ్చి దగ్గు కింద దాచుకున్నాడు. అంకాలమ్మ ఒక్కతే నవ్వలేదు. "పోతురాజూ, నువ్వా ఈ మాట అనేది?" అంది. ఆ ఒక్కమాటతో కాశీరావుకు తను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. అవతలివాడిదీ ఇదే తల. ఆ తల తనకు అంటగట్టినవాడే, ఆ తల చూపించి తనను వద్దంటున్నాడు.

లేచి తలగుడ్డ లాగేయొచ్చు. ఆ మాట నేనూ అడిగాను తరవాత. కాశీరావు తల అడ్డంగా ఆడించాడు.

"లాగితే ఏమవుద్దండీ? ఇంకో నవ్వు నవ్వుతారు, మజ్జిగ తాగి పోతారు. ఆయన ఏడవాలండీ. పెళ్ళిపందిట్లో, కూతురి ముందర, ఊరంతా చూస్తుండగా ఏడవాలి. అది నేను చూడాలి."

అప్పటి నుంచీ అతనిలో మందు మాట పోయింది. డాక్టరుగారి దగ్గరకు వెళ్దామంటే, "ముందు ఇది తేలనివ్వండి" అనేవాడు. రాత్రి తల్లి నూనె రాస్తుంటే కళ్ళు మూసుకుని పగ నెమరేసుకునేవాడు. ఐసు దిమ్మ మీద సుత్తి వేసినప్పుడల్లా ఎవరి తల మీద వేస్తున్నాడో నాకు తెలుస్తూనే ఉండేది. పగబట్టిన మనుషుల్ని నేను చాలామందిని చూశాను. కాశీలో ఒక దాయాది, గంగలో స్నానం చేస్తూ కూడా అవతలివాడి పేరే జపించేవాడు. కానీ కాశీరావు అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా, రొయ్యల వల అల్లినట్టు పగను అల్లినవాణ్ణి చూడలేదు.

వైశాఖంలో గంగారత్నం పెళ్ళి వేరే కుర్రాడితో కుదిరింది. శుభలేఖ వచ్చింది. పెద్దబ్బాయికి దగ్గు ముదిరి మంచం పట్టాడు. ఆ వంకన అంకాలమ్మ కూడా వెళ్ళనంది. పెళ్ళికి ముందురోజు కాశీరావు తల్లితో, మంగళగిరి పానకాలస్వామికి తలనీలాలు మొక్కుకున్నాననీ, గుండు చేయించుకుంటే మళ్ళీ వచ్చే జుట్టు ఒత్తుగా వస్తుందంటున్నారనీ చెప్పాడు. ఆమె సంతోషించింది. కొండ దిగాక గుండుకు రాసుకోమని నూనె సీసా గుడ్డలో చుట్టి ఇచ్చింది.

మంగళగిరిలో గుండు అయింది. మీసం కూడా తీయమన్నాడు. క్షురకుడు కత్తి ఆపాడు.

"నాన్నగారున్నారా?"

"ఉన్నాడు."

"ఉంటే మీసం ఎందుకయ్యా? తండ్రి బతికుండగా నేను తియ్యను. ఇంకెవరూ తియ్యరు."

మా ప్రాంతం ఎరిగినవారికి దీని సంగతి చెప్పనక్కర్లేదు. దేవుడికి మొక్కిన గుండు కింద మీసం ఉంటుంది. తండ్రి పోతే దాన్నీ తీస్తారు, కొందరు దహనంనాడే, కొందరు పదోనాడు. జుట్టూ మీసమూ రెండూ లేనివాడు ఎదురుపడితే, తండ్రి ఎప్పుడు పోయాడని కూడా అడగరు. చెప్పులు విడిచి, తల వంచుకుంటారు. కాశీరావు అల్లింది ఈ వలే. నోటితో ఒక్క అబద్ధం ఆడకుండా తండ్రిని చంపాలి. చావు కబురు పందిట్లో నిలబడితే తాళి కట్టరు.

రాత్రి బస్సులో అవనిగడ్డ చేరి, తెల్లారాక బస్టాండు కుళాయి దగ్గర సబ్బు రాసుకుని, బ్లేడుతో తన మీసం తనే తీసుకున్నాడు. అద్దం లేక పెదవి తెగింది. మూతి మీద కండువా అడ్డం పెట్టుకుని నాగాయలంక బస్సెక్కాడు.

పందిట్లో మేళం నడుస్తోంది. పోతురాజు కొత్త పంచె, కొత్త తలగుడ్డ కట్టి, మగపెళ్ళివారికి విసనకర్రలు అందిస్తున్నాడు. కాశీరావు గుంజ పక్కకు వచ్చి నిలబడి, కండువా తీశాడు. ముందు ఎవరో ఆడమనిషి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వెనక మేళం ఒక్కొక్క వాద్యమే ఆగింది. సన్నాయి అతను చూడక ఇంకాస్త వాయించి, ఆగాడు.

పీట మీది నుంచి గంగారత్నం ఒక్కతే నోరు తెరిచింది. "మావయ్య ఎప్పుడు పోయాడు బావా?"

కాశీరావు మొహం పక్కకు తిప్పుకున్నాడు. దుఃఖం అనుకున్నారు.

పోతురాజు కింద కూలబడిపోయాడు. "మా బావే... నిన్నగాక మొన్న పెళ్ళికని చక్రాల డబ్బా పంపాడే, మంచంలో ఉన్నాడని తెలిసీ నేను వెళ్ళలేదే, కోపంగా ఉన్నారని వెళ్ళలేదే" అంటూ గుండెలు బాదుకున్నాడు. మగపెళ్ళివారి పెద్ద లేచి, పందిట్లో చావు నిలబడ్డాక ముహూర్తమేమిటనీ, మరో నెలలో చూద్దామనీ అన్నాడు. విస్తళ్ళు లేచిపోయాయి. కాశీరావు కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. కూతురి ముందర, ఊరంతా చూస్తుండగా.

అతను లెక్కలో వేసుకోనిది ఒకటుంది. అది ఆడవాళ్ళ తంతు, మగవాడి బుర్రకు తట్టదు. భర్త పోయిన ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. కబురు విని బయల్దేరే తమ్ముడు చేతిలో చీర లేకుండా అక్క గడప తొక్కకూడదు. పదో రోజున రేవులో ఆమెకు కట్టబెట్టేది ఆ చీరే. పోతురాజు భార్య ఏడుస్తూనే లోపలికి వెళ్ళి, పెళ్ళిలో ఆడపడుచు లాంఛనానికని అంకాలమ్మ పేరు చెప్పి కొన్న మంగళగిరి చీర, నేరేడుపండు రంగు, సన్నంచు, పళ్ళెంలోంచి పసుపుకుంకాలు తీసేసి మొగుడి చేతిలో పెట్టింది.

ఆ చీర వెనకే కాశీరావు కూడా బస్సెక్కాడు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పోతురాజు ఒళ్ళో చీర. చల్లపల్లి వచ్చేసరికి ఎండ తలకెక్కింది. చావింటికి తలపాగాతో వెళ్ళకూడదని గుర్తొచ్చి పోతురాజు తలగుడ్డ విప్పాడు. ఎండ మొహమెరగని తల, వెన్నముద్దలా తెల్లగా ఉంది. కాశీరావు గుండుకూ దానికీ, నడినెత్తిన ఉన్న నొక్కుతో సహా, ఒకే అచ్చు.

"చూడరా" అన్నాడు పోతురాజు. "నీకంటే ముందే ఊడింది నాకు. నా పెళ్ళిలో బావమరుదులు తలగుడ్డ పీకి, గంప బోర్లించినట్టుంది అని డప్పు కొట్టారు. మీ అత్త నెలరోజులు నాతో మాట్లాడలా. మళ్ళీ నా పిల్ల పందిట్లో ఆ డప్పు వినలేకే నిన్నొద్దన్నాను. బావ దగ్గరకొచ్చి ఈ మాట చెబుదామనుకున్నా. ఇప్పుడెవరికి చెప్పను?"

"అప్పుడైనా చెప్పాల్సింది గదయ్యా" అన్నాను నేను, ఇదంతా విన్ననాడు.

"ఎందుకు చెబుతానండీ?" అన్నాడు కాశీరావు. "ఆయన తలగుడ్డ ఆయనే విప్పాడు. నా పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. పామర్రు వచ్చింది, ఉయ్యూరు వచ్చింది, ఇంకా ఏడుస్తానే ఉన్నాడు. అంత సంతోషం నేను పుట్టి ఎరగనండీ. కంకిపాడు దాటాకే చీర కనపడ్డం మొదలెట్టింది."

కృష్ణలంక సందులోకి పోతురాజు గట్టిగా ఏడుస్తూ వచ్చాడు, చీర రెండు చేతుల మీద పట్టుకుని. పెద్దబ్బాయి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏం బావమరిదీ, పెళ్ళిలో ఎవరికేమైంది?"

పోతురాజు ఏడుపు ఆపి బావ మొహంలోకి చూశాడు. అంకాలమ్మ చింతపండు చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటకొచ్చింది. నుదుట బొట్టు, తలలో కనకాంబరాలు. తమ్ముడి చేతిలో చీర చూసింది. తమ్ముడి బోడితల చూసింది. కొడుకు పెదవి పైన తెగిన గాటు చూసింది.

"మీసం ఎవరు తీశార్రా?"

"నేనే తీసుకున్నా."

పోతురాజు మేనల్లుడి మీదకు లేచి, ఒక దెబ్బ వేసి, రెండో దెబ్బకు చెయ్యి రాక గుమ్మంలో చతికిలబడ్డాడు. కింద పడ్డ చీర తీసుకోబోయాడు. అంకాలమ్మ ఇవ్వకుండా తనే అందుకుంది. లోపల ట్రంకుపెట్టె తెరిచి, అడుగున పెట్టి, తాళం వేసింది.

పెద్దబ్బాయికి విషయం అర్థమవడానికి కాస్త పట్టింది. తన మీసం ఒకసారి తడుముకుని చూసుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. మళ్ళీ బాగా పెంచరా, నేను నిజంగా పోయినప్పుడు తియ్యడానికి ఉండాలి గదా" అన్నాడు. అతను అలాంటివాడు. ఆమె అలాంటిది కాదు. ఆ రాత్రి అన్నాలయ్యాక కాశీరావు అలవాటు కొద్దీ వచ్చి కూర్చున్నాడు. ఆమె గుంటగలగరాకు నూనె గిన్నె తీసి, దేవుడి దగ్గర ప్రమిదలో పోసి, ఒత్తి వెలిగించి, భర్త మంచం వైపు చూసి దణ్ణం పెట్టుకుంది. సీసాలో ఉన్న నూనె అయిపోయేదాకా ఆ దీపం వెలిగింది. కొడుకు తల మీద ఆమె మళ్ళీ చెయ్యి వెయ్యలేదు.

గంగారత్నం పెళ్ళి మరుసటి నెలలో ఆ కుర్రాడితోనే జరిగింది. ఇంత పగకూ దక్కింది ఒక నెల వాయిదా. గుండు మీద జుట్టు దీవుల్లా మొలిచి, ఆగింది. డాక్టరుగారి దగ్గరకు నేనే మళ్ళీ బయల్దేరదీశాను. మెట్ల దాకా వచ్చి కాశీరావు ఆగిపోయాడు. "ఎవరు చూడాలనండీ ఇప్పుడు?" అన్నాడు. తండ్రి మాట ఒక్కటే పట్టుకున్నాడు. మీసం పెంచాడు. తలలో రావాల్సిన బలమంతా అందులోకి దిగిందేమో అన్నట్టు గుబురుగా, నిగనిగలాడుతూ పెరిగింది. దానికి మటుకు నూనె తనే రాసుకునేవాడు.

ఉప్పెన వచ్చిన ఏడే, దానికి ముందు వేసవిలో పెద్దబ్బాయి పోయాడు. నేను అప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. పదో రోజున కృష్ణ రేవుకు నేనూ వెళ్ళాను. నీళ్ళు బాగా లోపలికి పోయాయి, ఇసుక కాలుతోంది. కాశీరావు క్షురకుడి గొడుగు కింద కూర్చున్నాడు. తల మీద తీయడానికి ఏమీ లేదు, చెవుల మీద నాలుగు పోగులు తప్ప. అందరి చూపూ మీసం మీదే. నీళ్ళు రాశారు. కత్తి దగ్గరకొచ్చింది.

"ఆగండి" అంది అంకాలమ్మ.

పెద్దలు తిరిగి చూశారు.

"వాడికి అయిపోయింది. ఒక తండ్రికి రెండుసార్లు తియ్యరు."

"అదేం మాటమ్మా, కర్మ చేసే కొడుకు మీసంతో ఎట్లా..."

"వాణ్ణే అడగండి, అయిందో లేదో."

కాశీరావును ఎవరూ అడగలేదు. క్షురకుడు కత్తి మడిచి, తడి మీసాన్ని తుండుతో తుడిచి వదిలేశాడు. కర్మ అంతా పెద్దబ్బాయి తమ్ముడి కొడుకు చేత చేయించింది. తండ్రి కర్మనాడు, తుమ్మెదల్లాంటి మీసంతో, కాశీరావు ఇసుకలో పక్కన నిలబడ్డాడు.

తరవాత చీర వంతు వచ్చింది. పోతురాజు తలగుడ్డ తీసి, కొత్త తెల్లచీర పట్టుకుని ముందుకొచ్చాడు. అంకాలమ్మ నీళ్ళలోంచి లేచి, సంచిలోంచి నేరేడుపండు రంగు చీర తీసింది. నాలుగేళ్ళు పెట్టెలో ఉండి మడతల దగ్గర రంగు వెలిసింది.

"నీదీ అందింది తమ్ముడూ. ముందే తెచ్చావుగా. అది తీసుకుపో" అంది.

ఆ వెలిసిన చీరే కట్టుకుంది. పోతురాజు చేతిలో తెల్లచీరతో వెనక్కి నడిచి, ఎక్కడ నిలబడాలో తెలియక, కాశీరావు పక్కన నిలబడ్డాడు. ఇద్దరి తలలూ ఎండకు మెరుస్తున్నాయి. ఒకేలాంటి నొక్కు.

పక్క రేవులో వేరే ఎవరి కర్మకో వచ్చిన ముసలావిడ చెంబుతో నీళ్ళు ముంచుకుంటూ వాళ్ళిద్దర్నీ చూసి, అంకాలమ్మను అడిగింది.

"ఆ ఇద్దరూ తండ్రీకొడుకులా అమ్మా?"

అంకాలమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. తల ఎత్తి వాళ్ళ వైపు చూసింది.

"వాళ్ళెవరో నాకు తెలియదమ్మా" అంది.